పైవాటా అక్క జలగ

మొన్న ఇక్కడ గల్ఫులో, ముసఫ్ఫా పేటలో ఒక గరాజులో మా కారును పైకి లేపారు. సైలెన్సరు చప్పుడు చేస్తోందని తీసుకెళ్ళాను. కింద నిలబడి టార్చిలైటు వేసి చూస్తున్న పఠాన్ మెకానిక్ ఒక బోల్టును వేలితో గీకాడు. తర్వాత తల బయటికి పెట్టి హిందీలో అడిగాడు.

"సిస్టర్, ఈ బండికి ఇంజన్ ఆయిల్ మార్చడమనేది ఎప్పుడైనా జరిగిందా?"

"జరిగింది. ప్రతిసారీ టైముకే."

"ఏ గరాజులో?"

"ఇంటి దగ్గరే."

అతను మళ్ళీ కారు కిందికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. పాత నూనె కిందికి వదలడానికి ఇంజను అడుగున ఒక బోల్టు ఉంటుంది. దాని మీద మట్టీ జిడ్డూ కలిసి రాయిలా పేరుకుందట. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదని ఒట్టేసి చెప్పగలనన్నాడు. కానీ పైన నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే నూనె తేనె రంగులో ఉంది. పుల్లనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్న అతని మొహం చూసి నాకు నవ్వాగలేదు. కిందికి వదలం, పైనుంచే పీల్చేస్తాం అని చేత్తో పంపు కొట్టి చూపించాను.

"ఎవరు పీల్చారు?"

"మా అక్క," అన్నాను.

తోడబుట్టిన అక్క కాదు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మేమున్న విల్లాను యజమాని చెక్క తలుపులూ జిప్సం గోడలూ పెట్టి వాటాలు చేసి అద్దెకిచ్చాడు. మాది కింద, మెట్ల పక్కన. పైవాటాలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ముస్లిం దంపతులు ఉండేవాళ్ళు. భాయ్ ముసఫ్ఫాలో ఒక వర్క్‌షాపుకి పికప్పు నడిపేవాడు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లూ చుడీదార్లూ అబాయాలూ కుట్టేది. మెడలో తాళిలాగా ఎప్పుడూ కొలత టేపు వేలాడేది. వాళ్ళు అంతకు ముందున్న ఫుజైరాకే మళ్ళీ మారిపోయి నెల కావస్తోంది. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను గరాజు గడప తొక్కలేదు. మొన్న ఆ మెకానిక్ అడిగిన ప్రశ్నతో ఆమె మొత్తంగా నా కళ్ళ ముందుకి వచ్చేసింది. పాప నిద్రపోగానే రాయడం మొదలుపెట్టాను.

ఆమెను నేను మొదటిసారి సరిగ్గా చూసింది వంటింటి కిటికీలోంచి. భాయ్ పికప్పు బానెట్ ఎత్తి ఉంది. ఆమె గాజులు పక్క అద్దానికి తగిలించి ఉన్నాయి. చున్నీ నడుముకి బిగించి, నేల మీద పెట్టిన ఒక ప్లాస్టిక్ డబ్బా పైన పిడి పట్టుకుని సైకిలుకి గాలి కొడుతున్నట్టు కొడుతోంది. డబ్బాలోంచి సన్నటి గొట్టం ఒకటి ఇంజనులోకి పోయింది. నాకు అప్పుడే పుట్టిన పాప. ఏ చప్పుడు విన్నా, ఏ వాసన తగిలినా దానికేదో అవుతుందని భయపడే రోజులు. భుజానేసుకుని బయటికి వెళ్ళాను.

"ఏం చేస్తున్నారక్కా?"

"జలగేసినా."

"ఏమిటీ?"

"జలగ మే. ఒంట్లో చెడ్డ రక్తం తాగేదానికి ఏస్తారే, అది. ఇది చెడ్డ నూనె తాగతాది." నాలుగుసార్లు కొట్టి పిడి వదిలేసింది. "ఇంక చూడు. మనం చెయ్యి పెట్టబళ్ళా. అదే తాగతా ఉంటాది."

నిజంగానే గొట్టంలో నల్లటి నూనె మెల్లిగా పాకుతూ డబ్బాలోకి దిగుతోంది. నూనె ఎంత ఉందో చూసే పుల్ల ఉండే సన్నటి దారిలోంచే గొట్టం అడుగుదాకా దించిందట. ముందు ఇంజను కాసేపు ఆన్ చేసి నూనెను వేడెక్కించాలి, లేకపోతే పాకంలా చిక్కగా ఉండి కదలదు. ఇవన్నీ ఆమె నాకు కూర చెయ్యడం చెప్పినట్టే చెప్పింది.

ఆ జలగ ఆమెకి ఫుజైరాలో దొరికింది. అంతకు ముందు భాయ్ అక్కడ లాంచీలు బాగుచేసే చోట పనిచేసేవాడు. లాంచీల్లో నూనె పైనుంచే లాగుతారట. "మరి అడుగున బోల్టు తియ్యాలంటే సముద్రంలోకి దిగి తియ్యాల్నా?" అనేది. కారు కింద పడుకునే పని ఉంటే తను ఆ జోలికే పోయేదాన్ని కాదనీ, ఆడదానికి నిలబడి చేసే పనైతే ఎంతదైనా ఒకటేననీ ఆమె అభిప్రాయం. ముసఫ్ఫా గరాజుల వీధిలో ఆడవాళ్ళు నిలబడడానికి చోటుండదు. భాయ్‌కి ఊళ్ళోవాళ్ళ సరుకు మోయడమే సరిపోయేది, సొంత బండి బానెట్ ఎత్తే తీరిక ఉండేది కాదు. అందుకని జలగ ఆమె చేతికొచ్చింది.

నూనె పుల్ల తుడవడానికి ఆమె దగ్గర సంచీ నిండా కుట్టుగుడ్డ ముక్కలుండేవి. ప్రతి ముక్కా ఎవరిదో ఆమెకు గుర్తే. "ఇది మలయాళం టీచరమ్మ జాకెట్. చేతులు కురచ చెయ్యమనింది, మిగిలింది." ఆకుపచ్చ పట్టు మీద నల్లటి గీత. "ఇది ఆ హైదరాబాదీ కోడలిది. పెళ్ళి గుడ్డ. చూడు, ఎంత మెత్తగా తుడస్తాదో." పాత నూనె చుక్క ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు తల ఆడించేది. ఫిల్టరు విప్పడానికి సన్నటి చెయ్యి ఇంజను సందులోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, తడుముతూ తిప్పేది. అప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడకూడదు.

ఇంత చేసినా ఆమెకి డ్రైవింగు రాదు. లైసెన్సు పరీక్షకి ఎన్నోసార్లు వెళ్ళి ఎన్నోసార్లు తప్పింది. దాని గురించి తనే నవ్వుతూ చెప్పేది.

"కాలు మే, ఈ కాలు. ముప్పై ఏళ్ళ బట్టి మిషను తొక్కిన కాలు. యాక్సిలరేటరు మీద పెడితే ఊరుకుంటాదా? తొక్కతాది, ఒదలతాది, తొక్కతాది, ఒదలతాది. బండి దూకతా ఉంటాది. పక్కన కూచున్న ఆ పోలీసామె పాపం పట్టీ పట్టుకోని ఖలాస్ ఖలాస్ అంటా ఉండింది."

"మళ్ళీ వెళ్ళొచ్చు కదక్కా?"

"పోతా. కాలు రిటైరయినాక పోతా."

నాకు మాత్రం లైసెన్సు ఉంది. పాప కడుపున పడకముందు కష్టపడి తెచ్చుకున్నాను. కానీ సూపర్‌మార్కెట్ దాటి నడిపింది లేదు. మా ఆయనకి ఎడారి దారిన చాలా దూరంలో ఉన్న రువైస్‌లో, ఒక ప్లాంటులో ఉద్యోగం. అక్కడే క్యాంపులో ఉండి సెలవు రోజుల్లో వచ్చేవాడు. కారు ఎక్కువగా ప్రహరీ పక్కన ఎండకి నిలబడి ఉండేది. పాపకి జ్వరం వచ్చినప్పుడు కూడా నేను టాక్సీయే పిలిచేదాన్ని. వెనక సీట్లో ఎప్పటికప్పుడు పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుండేదాన్ని, స్టీరింగు దగ్గర కూర్చుంటే అది కుదరదు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

పాపకి ఏడాది నిండిన చలికాలం మా ఆయన ప్లాంటులో షట్‌డౌన్ పెట్టారు. యంత్రాలన్నీ ఆపి బాగుచేసే రోజులు, ఎవరికీ సెలవుల్లేవు. ఇంకో నెల దాకా ఇంటికి రాలేనన్నాడు. అతను వెళ్ళిన వారానికి పాప సోఫా వదిలేసి నడిచింది. రెండు అడుగులు వేసి, ఆగి, తనే ఆశ్చర్యపోయి, కూలబడింది. మర్నాడు గది ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేసింది. నాకు ఒళ్ళంతా పులకరించింది. వెంటనే ఫోన్ చేశాను. అక్కడికి కెమెరా ఫోన్లు రానివ్వరు, అతని దగ్గరుండేది ఒట్టి మాటల ఫోనే.

"ఫోను నేల దగ్గర పెట్టు," అన్నాడు. "అడుగుల చప్పుడు వింటాను."

పెట్టాను. పాప వట్టికాళ్ళతో కార్పెట్ మీద నడిచింది. ఫోను తీసి "వినపడిందా?" అంటే అతను "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ అబద్ధమని నాకు తెలిసిపోయింది. నెల తర్వాత వచ్చేసరికి ఇది పరిగెత్తుతూ ఉంటుంది, ఈ తప్పటడుగులు ఇక ఉండవు. అతను ఎప్పటికీ చూడడు.

జాకెట్ కొలత సరిచూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ అక్క ఇదంతా విన్నది.

"కార్పెట్టు మీద అడుగు వినపడతాదా మే? వినేదానికి అదేమన్నా రేడియోనా," అంది. తర్వాత టేపు వేళ్ళకి చుట్టుకుంటూ మామూలు గొంతుతో, "నేనింకా ఊళ్ళోనే ఉన్నప్పుడు, మా ఆయన ఫుజైరా నుంచి మొదటిసారి ఇంటికి వచ్చే పొద్దుటికి మా అమ్మాయి పలక పట్టుకోని బడికి పోతా ఉండింది. నడిచేది చూళ్ళేదు, మాటలొచ్చేది చూళ్ళేదు," అంది. "శుక్రవారం జుమ్మా నమాజు అప్పుడు వాళ్ళకి గంట ఇడస్తారు గదా. పోదాం పద. చూపిచ్చొద్దాం."

"రువైస్‌కా? ఎవరు నడుపుతారు?"

"లైసెన్సు ఎవరికుంది?"

"అక్కా, అది లారీల రోడ్డు. రెండున్నర గంటలు. నా వల్ల కాదు."

ఆమె ఆ మాట వినిపించుకోనే లేదు. "ఆ బండిలో నూనె ఎప్పుడు మార్చినారు?" అని అడిగింది.

గురువారం సాయంత్రం మా కారు బానెట్ ఎత్తింది. గాజులు తీసి అద్దానికి తగిలించింది. నేను ఇంజను ఆన్ చేసి, కాసేపాగి ఆపేశాను. పాపని చంకనేసుకుని పక్కనే నిలబడ్డాను. నాకు లోపల ఒకటే హడావిడి. రేపు ఈ వేళకి అతను పాప నడక చూసేసి ఉంటాడు అనుకుంటే గుండె ఎగిరేది. లారీలు గుర్తొస్తే అదే గుండె జారేది. ఆమె వంగి ఒక పుల్ల లాగి, అక్కడ గొట్టం దించి, జలగ పిడి కొట్టింది.

గొట్టంలో నల్లగా రావాల్సింది ఎర్రగా వచ్చింది. దానిమ్మ రసంలాగా.

"అక్కా, ఎర్రగా ఉంది."

"మంచి నూనె అట్నే ఉంటాది మే."

"మేం మార్చి చాలా నెలలైంది. నల్లగా ఉండాలి కదా?"

"జలగ గదా. రక్తం దొరికిందేమో దానికి." అలా అన్నా ఆమె చెయ్యి మాత్రం పిడి మీద ఆగింది.

"ఆపండక్కా. ముందు గొట్టం తీసెయ్యండి."

తీసేసింది. నేను పాపని ఆమె చేతిలో పెట్టి కారులోకి వంగి డాష్‌బోర్డు అరలోంచి కంపెనీ పుస్తకం తీశాను. బియ్యెస్సీలో కెమిస్ట్రీ కూడా అంత శ్రద్ధగా చదివి ఉండను. అందులో బొమ్మ వేసి ఉంది. పసుపు పిడి ఉన్న పుల్ల ఇంజనుది. బ్యాటరీ వైపు లోపలికి ఉన్న రెండో పుల్ల గేర్లది. మేము పీల్చింది గేర్ల నూనె.

"గేర్లకి కూడా పుల్ల ఉంటాదా?" అంది అక్క నమ్మలేనట్టు.

"ఆటోమేటిక్ బండికి ఉంటుందట."

"మా పికప్పుకి లేదే. లాంచీకి కూడా లేదు."

నేను మెట్ల మీద కూలబడ్డాను. ఇంజనుది అనుకుని గేర్ల నూనె మొత్తం లాగేసి, ఇంజనులో పాతది ఉండగానే కొత్తది కూడా పోసి, ఆ బండితో ఎడారి మధ్యలో నేనూ పాపా నిలబడిపోయినట్టు ఒక్క క్షణంలో మొత్తం కళ్ళముందు కనిపించింది. "ఇంక రేపు లేదక్కా," అన్నాను. పుస్తకం మూసేశాను. "పాప నడక ఆయనకి రాసిపెట్టి లేదు."

ఆమె డబ్బాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. "టీ గ్లాసుడు కూడా రాలా. నువ్వు అరిచినావు గాబట్టి. దీన్నే తిరిగి పోసేద్దామా?"

"జలగ అడుగున మీ పికప్పు నల్ల నూనె అంటి ఉంటుంది కదా. కలిసిపోయి ఉంటుంది."

"అవును. వొద్దులే." ఆమెకి కోపం రాలేదు, సిగ్గూ పడలేదు. పాపని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. "ఆ పుస్తకంలో ఏ నూనె పొయ్యమన్నారో చూడు. మీ భాయ్‌కి ఫోన్ కొడతా, నువ్వు చదువు. వచ్చేటప్పుడు పెట్రోలు బంకులో తీసుకోనొస్తాడు."

నేను ఒక్కో అక్షరం విడివిడిగా చదివాను. భాయ్ అవతల నుంచి ఒక్కోటీ తిరిగి పలికాడు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడుతుండగా పికప్పు లోపలికొచ్చింది. గేర్ల నూనె మట్టం ఇంజను నడుస్తుండగా చూడాలని పుస్తకంలో ఉంది. అది అక్కకి పెద్ద వింత. "నడిచే ఇంజనులో పుల్ల పెట్టేదా? మిషను తిరగతా ఉంటే సూది మార్చినట్టుందే," అంటూనే వంగింది. నేను కారులో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకుని పుస్తకం పైకి చదువుతుంటే ఆమె కొంచెం కొంచెంగా పోసింది. పుల్ల మీద గీత దగ్గరికి వచ్చి ఆగింది. అప్పుడు జలగ కడిగి, పసుపు పిడి పుల్ల లాగి, మళ్ళీ గొట్టం దించింది.

నల్లగా వచ్చింది. జీవితంలో నల్లరంగు చూసి అంత సంతోషపడిన రోజు నాకు ఇంకోటి లేదు.

చేతులు తుడుచుకుంటూ అక్క నా వైపు చూసి అంది: "నువ్వు భయపడతా ఉండు, నేను చేస్తా ఉంటా. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు."

నా భయాన్ని అప్పటిదాకా అందరూ మాన్పాలనే చూశారు. అమ్మ ఫోనులో మందలించేది, మా ఆయన బుజ్జగించేవాడు. దానికి ఒక ఉద్యోగం ఇచ్చింది మాత్రం ఈమె ఒక్కతే.

శుక్రవారం మంచు విడిచాక బయల్దేరాం. అక్క వెనక సీట్లో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి పొలిమేర దాటగానే లారీలు మొదలయ్యాయి. ఒక్కొక్కటి పక్కనుంచి పోతుంటే కారు మొత్తం ఊగేది. నా చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

"వెనక లారీ వస్తోందక్కా."

"రానీ. దాని దోవన అది పోతాది."

"పక్కకే వస్తున్నట్టుంది."

"నువ్వు దాన్ని చూడబాక. మిషను కుట్టేటప్పుడు సూదిని చూస్తే కుట్టు వంకర పోతాది. ముందర గీతను చూడాల. చూడు, తెల్ల గీత ఎంత చక్కగా గీసిపెట్టినారో నీకు."

పరీక్షలో ఎన్నోసార్లు తప్పినామె చెప్పిన ఆ మాటతో నా భుజాలు కిందికి దిగాయి. గీతను చూశాను. గీత పోతూనే ఉంది. కాసేపటికి నేను స్పీడు పెంచుతున్నానని నాకే తెలిసింది. కిటికీ కొంచెం దించితే చల్లగాలి కొట్టింది. ఒకచోట ఒంటెలు రోడ్డు కంచె అవతల నిలబడి ఉంటే పాప చప్పట్లు కొట్టింది. వెనక నుంచి అక్క ఏదో ఉర్దూ పాట కూనిరాగం తీస్తోంది. పాప ఊపిరి చూడాలనే మాట దారి పొడవునా నాకు గుర్తు రాలేదు.

క్యాంపు గేటు బయట ఇసుకలో కారు ఆపి ఫోన్ చేశాను. అతనికి వస్తున్నామని తెలుసు. కంపెనీ వాళ్ళ బండి ఏదో దొరికి ఉంటుందనుకున్నాడట. ఒంటి మీద నీలం కవరాల్, నెత్తిన హెల్మెట్, మాసిన గడ్డంతో నడిచి వస్తున్నవాడు నేను డ్రైవరు వైపు తలుపు తీసుకుని దిగడం చూసి అక్కడే ఆగిపోయాడు.

"నువ్వే నడిపావా?"

"ఆమే," అంది అక్క వెనక నుంచి దిగుతూ. "ఇంజను కడుపు మాత్రం నేను చూసినా."

అతను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు. నేను ఎదురుగా కూర్చుని పాపని నిలబెట్టి వదిలాను. ఇసుక దానికి కొత్త. కాళ్ళు దిగబడుతున్నాయి. రెండు చేతులూ పైకెత్తి, ఊగుతూ, నాలుగు అడుగులు అతని వైపు వేసింది. హెల్మెట్ చూసింది. గడ్డం చూసింది. ఆగింది. పెదవి వంకర తిరిగింది. గిరుక్కున వెనక్కి తిరిగి వచ్చి నా మీద పడింది.

"నడిచింది," అన్నాడు అతను. నవ్వుతున్నాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, "మళ్ళీ వదులు," అన్నాడు.

మళ్ళీ వదిలాను. ఈసారి రెండు అడుగులు వేసి వెనక్కి వచ్చేసింది. మూడోసారి నా మెడ వదల్లేదు. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు గానీ చాచిన చేతులు మెల్లిగా ఒళ్ళోకి దిగిపోయాయి. లోపల నమాజు అయిపోయినట్టుంది, గేటు దగ్గర మనుషులు కదులుతున్నారు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంత దూరం వచ్చింది అతను దాని వీపు చూడటానికా అనిపించింది.

అక్క వచ్చి నా చేతుల్లోంచి పాపని తీసుకుంది.

"తమ్ముడా," అంది, "ఆడ కూచోని పిలిస్తే ఏం లాభం? లేసి ఆమె పక్కన కూచో. బిడ్డ యాడికి వస్తాదో నువ్వు ఆడుండాల."

అతను లేచి వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలింది. అక్క పాపని కారు దగ్గరిదాకా తీసుకుపోయి, మా వైపు తిప్పి నిలబెట్టి, చేతులు వదిలింది. వదిలిన చేతులు అలాగే పాపకి రెండు వైపులా జానెడు దూరంలో ఉంచి, వంగి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

పాప నన్ను చూసి నడక మొదలుపెట్టింది. ఊగింది, నిలదొక్కుకుంది, నవ్వింది. ఒక్కో అడుగూ మా ఇద్దరి వైపుకే వేస్తూ వచ్చింది.